మందు బియ్యం ఎవరి పొలంలో పండాలి?

జపాన్ శాస్త్రవేత్తలు ఇరవై ఏళ్ల కిందటే ఒక వరిని తయారు చేశారు. ఆ అన్నం కొన్నాళ్లు రోజూ తింటే పుప్పొడి వల్ల వచ్చే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ల దురద తగ్గాలన్నది వాళ్ల ఆశ. ఎలుకల్లో అది పనిచేసింది. కోతులకు 26 వారాలు పెట్టి చూస్తే హాని కనిపించలేదు. మనుషుల మీద చిన్న చిన్న పరీక్షలూ జరిగాయి. అయినా ఆ బియ్యం దుకాణానికి రాలేదు, డాక్టరు చీటీకీ ఎక్కలేదు.

ఈ సంగతి పోతిరెడ్డిపల్లి నుంచి రాయడానికి కారణం ఉంది. ఇక్కడి చౌరస్తా నుంచి ముంబై హైవే మీద హైదరాబాద్ వైపు వెళ్తే కంది, రుద్రారం, ఇస్నాపూర్, పటాన్‌చెరు వరసగా వస్తాయి. ఇస్నాపూర్ పక్కనే పాశమైలారం పారిశ్రామికవాడ. ఈ దారి పొడవునా రెండు విద్యలు ఇరుగుపొరుగుగా పెరిగాయి. ఒకటి మందుల తయారీ. బల్క్ డ్రగ్ యూనిట్లు, వాటి రియాక్టర్లు, తెల్లవారకముందే కదిలే షిఫ్టు బస్సులు ఈ ప్రాంతానికి కొత్త కాదు. రెండోది పంటల పరిశోధన. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగల మీద యాభై ఏళ్లుగా పనిచేస్తోంది. అన్నం ముద్ద మందు కావాలంటే ఈ రెండు విద్యలూ కలవాలి. కలిసిన చోట ఏ పద్ధతి నడవాలి, పొలం పద్ధతా, ఫ్యాక్టరీ పద్ధతా? జపాన్ బియ్యం చిక్కుకున్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందు పెట్టిన బియ్యం మందే. దాన్ని మందులాగే లెక్క కట్టి, కంచె వేసి తయారు చేయాలి. మామూలు వరి మధ్య, మామూలు బస్తాల్లో దానికి చోటు లేదు.

ఎందుకో నిదానంగా చూద్దాం.

పుప్పొడి నిజానికి విషం కాదు. కొందరి శరీరం మాత్రం అందులోని ప్రోటీన్‌ను శత్రువని ముద్ర వేసుకుంటుంది. అలాంటివాళ్ల రక్తంలో ఆ పుప్పొడి కోసమే ఐజీఈ అనే యాంటీబాడీ తయారవుతుంది. 1966లో దీన్ని గుర్తించినవాళ్లు కిమిషిగే, తెరుకో ఇషిజాకా అనే జపాన్ దంపతులు. అప్పుడు వాళ్లు అమెరికాలోని డెన్వర్‌లో పనిచేస్తున్నారు. ఈ ఐజీఈ ముక్కు, కళ్లు, ఊపిరితిత్తుల లోపొరల్లో ఉండే మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. మళ్లీ అదే పుప్పొడి తగలగానే ఆ కణాలు హిస్టమిన్‌ను వెదజల్లుతాయి. తుమ్ములు, దురద, నీళ్లు కారడం చాలావరకు దాని పనే. మెడికల్ షాపులో స్ట్రిప్పు లోంచి కత్తిరించి ఇచ్చే సెట్రిజిన్ బిళ్ల ఆ హిస్టమిన్‌కు అడ్డం పడుతుంది. ఆ పూటకు తుమ్ము ఆగుతుంది. శరీరం వేసుకున్న ముద్ర మాత్రం చెరగదు.

ముద్రను చెరిపే ప్రయత్నం 1911లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో మొదలైంది. లెనార్డ్ నూన్ అనే వైద్యుడు గడ్డి పుప్పొడి నుంచి తీసిన ద్రావణాన్ని అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ రోగుల చర్మం కింద ఎక్కించాడు. శత్రువు అనుకున్నదాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చేయడం ఇందులో కిటుకు. ఇప్పటి ఇమ్యునోథెరపీకి మూలం అదే. ఇంజెక్షన్లు, నాలుక కింద చుక్కలు, బిళ్లలు అన్నీ ఆ దారిలోవే. మూడేళ్లో, అంతకన్నా ఎక్కువో ఓపిక పట్టాలి. మోతాదు తప్పితే అలర్జీ ఒంటినిండా చెలరేగి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇంజెక్షన్ వేశాక అరగంట ఆసుపత్రిలోనే కూర్చోబెడతారు.

మరి తిండి రూపంలో ఎందుకు? పేగులకు ఒక గుణం ఉంది కాబట్టి. మనం తినే పప్పు, పాలు, గుడ్డు అన్నీ పరాయి ప్రోటీన్లే. అయినా పేగు గోడలోని రోగనిరోధక కణాలు వాటిని చూసి రెచ్చిపోవు; సహించడం నేర్చుకుంటాయి. ముక్కు దారిలో వస్తే శత్రువయ్యే పుప్పొడి ప్రోటీన్‌ను తిండి దారిలో పంపితే శరీరం దాన్నీ సహిస్తుందేమోనన్నది ఆలోచన. కానీ అలర్జీ ఉన్న మనిషి పుప్పొడిని ఉన్నదున్నట్టు మింగితే ఐజీఈ దాన్ని నోట్లోనే పట్టుకోవచ్చు, గొంతు వాయవచ్చు.

జపాన్ పరిశోధకుల అసలు ప్రతిభ ఇక్కడ కనిపిస్తుంది. ఐజీఈ ప్రోటీన్‌ను దాని ఆకారాన్ని బట్టి గుర్తుపడుతుంది. రోగనిరోధక వ్యవస్థను నడిపించే టీ కణాలకు ఆకారంతో పని లేదు, చిన్న ముక్కలు చాలు. ఈత బుట్టను విప్పేస్తే బుట్ట పోతుంది, ఈనెలు మిగులుతాయి; ఐజీఈ వెతికేది బుట్టను, టీ కణం చూసేది ఈనెను. ఫుమియో తకాయివా బృందం జపాన్ దేవదారు, అంటే సుగి చెట్టు, పుప్పొడిలోని రెండు ప్రధాన అలర్జీ ప్రోటీన్ల నుంచి టీ కణాలు గుర్తుపట్టే ఏడు ముక్కలను ఎంచింది. ఆ ఏడింటినీ ఒకే గొలుసుగా కలిపి, ఆ గొలుసు తయారుచేసే జన్యువును వరిలో పెట్టింది. ఐజీఈకి చిక్కకుండా టీ కణానికి పాఠం చెప్పే ప్రోటీన్ అన్నమాట.

దాన్ని గింజలో ఎక్కడ దాచారన్నది కూడా చూడదగ్గ విషయం. వరి గింజ తన ప్రోటీన్‌ను రెండు రకాల సూక్ష్మమైన సంచుల్లో నిల్వ చేసుకుంటుంది. ఒక రకం సులువుగా అరిగిపోతుంది. రెండో రకంలో ప్రోలమిన్ అనే ప్రోటీన్ గట్టిగా పేరుకుని ఉంటుంది. కడుపులోని ఆమ్లానికి, పెప్సిన్‌కు అంత తేలిగ్గా లొంగదు. ఏడు ముక్కల గొలుసు చేరింది ఈ రెండో రకం సంచుల్లోకి. అందువల్ల అది కడుపు దాటి పేగు దాకా చేరగలదు. ఈ సంచులు గింజ లోపలి తెల్లని భాగంలో ఉంటాయి కనుక మిల్లులో పాలిష్ పట్టి తవుడు తీసేసినా మందు పోదు. ఫ్రిజ్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు, గింజ ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ సరిగా లేని దేశాలకు ఇది చిన్న విషయం కాదు.

2005లో ఎలుకల ఫలితాలు అచ్చయ్యాయి. వాటికోసం ఎలుకల టీ కణాలకు సరిపడే ముక్కలతో విడిగా వరిని చేశారు. ఆ బియ్యం తిన్న ఎలుకల్లో ఐజీఈ తగ్గింది, హిస్టమిన్ తగ్గింది, తుమ్ములూ తగ్గాయి. తర్వాత మనుషుల్లో జరిగిన చిన్న పరీక్షల్లో పుప్పొడికి టీ కణాలు స్పందించే తీరు నెమ్మదించింది. ఈ మధ్యలో, 2007 ప్రాంతంలో, జపాన్ ఆరోగ్య శాఖ ఒక నిర్ణయం చెప్పింది: దీన్ని ఆరోగ్యానికి మేలు చేసే ఆహారంగా అమ్మడానికి వీల్లేదు, ఇది ఔషధం. ఆ ఒక్క మాటతో దారి మారింది. ఔషధమంటే ఎంత మోతాదు, ఎన్నాళ్లు, ఎవరికి పడదు, ప్రతి బ్యాచ్‌లో ఎంత మందు ఉంది అన్నవన్నీ రుజువు చేయాలి. ఏళ్లు పడుతుంది, కోట్లు కావాలి. అందరూ పండించుకోగల గింజ మీద అంత డబ్బు పెట్టే కంపెనీ దొరకడం కష్టం. ఈలోగా సుగి పుప్పొడికే నాలుక కింద వేసుకునే చుక్కలు 2014లో, బిళ్లలు 2018లో అక్కడి మార్కెట్‌కు వచ్చేశాయి.

జపాన్ ఆరోగ్య శాఖ మొండికేసిందని అనుకునేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. వంటింట్లోకి వెళ్లి చూడండి. పోతిరెడ్డిపల్లిలో షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు పళ్లెం నిండా పెట్టుకునే బువ్వ ఎంత, ఆరేళ్ల పిల్ల తినేది ఎంత? ఒకరు గంజి వారుస్తారు, ఒకరు కుక్కర్‌లో పెడతారు, ఇంకొకరు పొద్దున్నే సద్ది తింటారు. ఎరువు ఎక్కువ పడిన మడిలో గింజకు ప్రోటీన్ ఎక్కువ, తక్కువ పడిన మడిలో తక్కువ. పారాసిటమాల్ బిళ్లలో 500 మిల్లీగ్రాములని రాసి ఉంటే అంతే ఉండాలని పట్టుబడతాం. అన్నం ముద్దను అలా పట్టుబట్టి అడగలేం.

రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన గింజలను వంద కిలోలకు ఒక కిలో చొప్పున కలిపారు, దానికీ దీనికీ తేడా ఏమిటని అడగవచ్చు. తేడా ఉంది. ఇనుము ప్రతి ఒంటికీ కావాల్సిన పోషకం. దాన్ని అందరికీ పెట్టడం మీద చర్చ ఉన్నా, అది ఆహారం గురించిన చర్చే. పుప్పొడి ముక్కలు అలర్జీ ఉన్నవాడి రోగనిరోధక వ్యవస్థను మార్చడానికే పెట్టినవి. అలర్జీ లేనివాడికి వాటితో పనే లేదు. జన్యుమార్పిడి లేకపోయినా ఇదే నియమం వర్తిస్తుందనడానికి వేరుశనగే సాక్ష్యం. పల్లీ అలర్జీ ఉన్న పిల్లల కోసం అమెరికా 2020 జనవరిలో పాల్‌ఫోర్జియా అనే మందును అనుమతించింది. అందులో ఉన్నది నూనె తీసిన పల్లీ పిండే. మొదటి రోజు అర మిల్లీగ్రాము ప్రోటీన్‌తో వైద్యుల కళ్లముందు మొదలుపెట్టి, నెలల మీద 300 మిల్లీగ్రాములకు తీసుకెళ్తారు. కిరాణా కొట్టులో దొరికే పల్లీయే అయినా, చికిత్సకు వాడేటప్పుడు అది ఔషధమైంది. మోతాదు తప్పితే పిల్లవాడి ప్రాణం మీదికి రావచ్చు కాబట్టి.

ఇక కంచె సంగతి. 2001లో అమెరికాలో ప్రోడీజీన్ అనే కంపెనీ పందుల విరేచనాలకు టీకా ప్రోటీన్ పండే మొక్కజొన్నను వేసింది. మరుసటి ఏడు అదే చేలో సోయా వేశారు. నేలలో మిగిలిపోయిన మొక్కజొన్న గింజలు మొలిచి సోయాతోపాటు కోతకు వచ్చాయి. నెబ్రాస్కాలో దాదాపు 5 లక్షల బుషెళ్ల సోయాను పక్కనపెట్టి నాశనం చేయాల్సి వచ్చింది. కంపెనీకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా పడింది, శుభ్రం చేసిన ఖర్చు అదనం. అందులో దురుద్దేశం ఎవరికీ లేదు. రాలిన గింజ మొలవడం చేను స్వభావం.

వరి తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందే పంట కనుక పక్క మడికి జన్యువు పోవడం తక్కువే. కానీ మన దగ్గర వడ్లు కలిసేది పూత దగ్గర కాదు. హార్వెస్టర్ ఒక చేను కోసి కడగకుండానే పక్క చేలోకి దిగుతుంది. కొనుగోలు కేంద్రం కళ్లంలో పది మంది రైతుల కుప్పలు పక్కపక్కనే ఆరతాయి. మిల్లులో ఏ ఊరి బస్తా ఏదో ఎవరూ చెప్పలేరు. అలాంటి గొలుసులో మందు బియ్యం ఒక్క బస్తా కలిసినా వెనక్కి తీయలేం. అప్పుడు నష్టపోయేది, మార్కెట్ నిరాకరించిన వడ్ల ముందు నిలబడేది, రైతే.

మన ప్రాంతపు పంటలతో ఇలాంటి ప్రయత్నం నిజంగానే జరిగింది, పశువుల కోసం. బెంగళూరు ఐఐఎస్‌సీలో జి. లక్ష్మీ సీత, ఎం.ఎస్. శైల బృందం రిండర్‌పెస్ట్ వైరస్ పైపొరలోని ఒక ప్రోటీన్ జన్యువును వేరుశనగలోనూ కందిలోనూ పెట్టింది. మందలకు మందలను తుడిచిపెట్టిన జబ్బు అది. ఆ వేరుశనగ ఆకును తిన్న పశువుల్లో వైరస్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు వచ్చాయని 2003లో ప్రకటించారు. రైతు గడ్డివామి పక్కన పండే పంటే టీకా అవుతుందన్నది చక్కని ఆలోచన. అయితే మామూలు టీకాలతోనే అప్పటికి మన దేశం ఆ జబ్బును వదిలించుకుంది, 1995 తర్వాత ఇక్కడ అది కనిపించలేదు. 2011లో ప్రపంచమంతా దాని నుంచి విముక్తమైనట్టు ప్రకటించారు. టీకా మొక్క ప్రయోగశాలలోనే ఉండిపోయింది.

ఆ రెండు పంటల్లో కంచె పరంగా చాలా తేడా ఉంది. కంది పూల మీద తేనెటీగలు తిరుగుతాయి. సగటున 20 శాతం గింజలు వేరే మొక్క పుప్పొడితో కట్టినవి కావచ్చు. అందుకే విత్తనం కల్తీ కాకుండా కాపాడాలంటే కంది మొక్కలకు వలలు, సంచులు కప్పుతారు. సంగారెడ్డి జిల్లాలో చేనుచేనుకూ కంది ఉంటుంది, అందులో మందు కంది వేయడం మాట తలపెట్టకూడదు. వేరుశనగ తనలో తానే ఫలదీకరణ చెంది, ఊడను నేలలోకి దింపి కాయ కడుతుంది. కంచెకు అది మేలు. కానీ వేరుశనగే కొందరికి ప్రాణాంతకమైన అలర్జీ. అలర్జీకి మందు మోసే పంట తానే అలర్జీ కాకూడదు. ఈ జాగ్రత్త ఊహ కాదు. బ్రెజిల్ నట్ నుంచి పోషక విలువ కోసం తీసుకున్న జన్యువును సోయాలో పెడితే, నట్‌తోపాటు అలర్జీ కూడా సోయాలోకి వచ్చిందని 1996లో పరీక్షల్లో తేలింది. ఆ సోయాను అక్కడితో ఆపేశారు. పరీక్ష ముందే జరిగింది కాబట్టి ఎవరికీ హాని జరగలేదు.

ఇదంతా చదివి నేను జన్యుమార్పిడికి వ్యతిరేకినని అనుకోవద్దు. 1997లో వరప్రసాద్ రెడ్డి శాంతా బయోటెక్నిక్స్ హైదరాబాద్‌లో హెపటైటిస్ బీ టీకా తెచ్చింది. వైరస్ జన్యువును ఈస్ట్‌లో పెట్టి, ఉక్కు ట్యాంకులో పెంచి తీసిన ప్రోటీన్ అది. విదేశీ టీకా కొనలేని కుటుంబాలకు అందుబాటు ధరలో చేరింది. జన్యువు మారినందుకు ఎవరూ భయపడలేదు, భయపడాల్సిన అవసరమూ లేదు. ఆ ఈస్ట్ ట్యాంకు దాటి బయటికి రాదు, ప్రతి బ్యాచ్ పరీక్షకు నిలుస్తుంది. మొక్కలకూ ఈ దారి ఉంది. గోషే జబ్బుకు వాడే ఎంజైమ్‌ను క్యారెట్ కణాల్లో, మూసిన పాత్రల్లో పెంచి తీస్తారు; అమెరికా 2012లో దాన్ని అనుమతించింది. పుప్పొడి వరినీ ఇలాగే మూసిన గ్రీన్‌హౌస్‌లో పండించి, పొడి చేసి, కొలిచి, గుళికలో నింపి ఇస్తే నాకు అభ్యంతరం లేదు. అప్పుడు అది పాశమైలారానికి తెలిసిన పని. బ్యాచ్ నంబరు, నిల్వ పరీక్ష, తప్పు జరిగితే వెనక్కి రప్పించడం అక్కడివాళ్లకు రోజువారీ విషయాలు.

మన దేశంలో 2002 నుంచి పొలంలో ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయ మీద హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో బహిరంగ విచారణలు జరిపి, 2010 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపేశారు. జన్యుమార్పిడి ఆవాల వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తిండి పంట కోసమే ఇంత మథనం జరిగితే, మందు పంటకు అంతకంటే గట్టి పరీక్ష ఉండాలి.

ఇప్పుడు మన ముక్కుల దగ్గరికి వద్దాం. జపాన్‌కు ఆ బియ్యం ఆలోచన తట్టిందంటే, అక్కడి శత్రువు దాదాపు ఒక్కటే కావడమే కారణం. యుద్ధం తర్వాత కలప కోసం నలభై లక్షల హెక్టార్లకు పైగా సుగి నాటారు. 2019 సర్వేలో జనాభాలో సుమారు 39 శాతం మందికి దాని అలర్జీ ఉంది. 2023లో ఆ ప్రభుత్వం ముప్పై ఏళ్లలో పుప్పొడిని సగానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. పోతిరెడ్డిపల్లికి అలాంటి ఒక్క చెట్టు లేదు. వానలు పడ్డాక మోరీల పక్కన, ఖాళీ ప్లాట్లలో తెల్లని చిన్న పూలతో మోకాలెత్తు వయ్యారిభామ లేస్తుంది. దాని పుప్పొడితో ముక్కు అలర్జీ వస్తుందని బెంగళూరు పరిశోధకులు ఎప్పుడో చూపించారు. ఆకు తగిలితే చర్మం మండేది వేరే. గట్ల మీద సర్కారు తుమ్మ, చేలలో జొన్న, మొక్కజొన్న, రోడ్ల మధ్య కోనోకార్పస్ ఉన్నాయి. ఈ చివరిదాన్ని గుజరాత్ 2023లో నిషేధించింది. వీటికి తోడు ఇంట్లో దుమ్ము పురుగులు, హైవే పొగ, రాత్రిపూట ఘాటు వాసనలు. ద్రావకాల ఘాటుకు ముక్కు మండితే అది ఐజీఈ పని కాకపోవచ్చు. దానికి ఏ మందు బియ్యమూ పనిచేయదు. ఫ్యాక్టరీ పొగగొట్టం దగ్గరే దానికి చికిత్స జరగాలి. అన్నిటినీ అలర్జీ అని ఒకే గంపలో వేస్తే ఆ కాలుష్యం లెక్కలోంచి జారిపోతుంది.

తేడా తెలుసుకునే పరీక్ష ఉంది. ముంజేతి మీద పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో పుప్పొడి ద్రావణం చుక్క వేస్తారు. సన్నని సూదిమొనతో చుక్క మీదుగా పైచర్మాన్ని గుచ్చుతారు, రక్తం రాదు. ఒక చుక్క ఉప్పునీళ్లది, ఒకటి హిస్టమిన్‌ది, పోల్చడానికి. పావుగంట, ఇరవై నిమిషాల్లో దద్దుర్లు కొలుస్తారు. ఉప్పునీళ్లకన్నా మూడు మిల్లీమీటర్లు పెద్ద దద్దు వస్తే ఆ పుప్పొడి పడదని లెక్క, లక్షణాలతో సరిపోల్చి చూడాలి. పరీక్షకు ముందు ఐదు రోజుల నుంచి వారం దాకా సెట్రిజిన్ లాంటివి మానేయాలి. మన దగ్గర చాలామంది డాక్టరును అడగకుండానే ఆ బిళ్ల వేసుకుంటారు. అది చెప్పకపోతే పరీక్ష తప్పుడు ధైర్యం ఇస్తుంది.

ఏ ద్రావణాలతో గుచ్చాలో తెలియాలంటే ముందు గాలిలో ఏముందో లెక్క కావాలి. చండీగఢ్‌కు 2022లో పుప్పొడి క్యాలెండర్ తయారైంది. సంగారెడ్డికీ అలాంటిది కావాలి. అందుకు కావాల్సిన యంత్రం 1952 నుంచీ ఉంది. చిన్న పంపు నిమిషానికి పది లీటర్ల గాలిని సన్నని చీలిక గుండా పీలుస్తుంది. లోపల జిగురు పూసిన టేపు చుట్టిన డ్రమ్ము వారానికి ఒక చుట్టు తిరుగుతుంది. ఆ టేపును కోసి మైక్రోస్కోపు కింద పెడితే ఏ రోజు, ఏ గంటలో, ఏ మొక్క పుప్పొడి ఎంత ఎగిరిందో లెక్కపెట్టవచ్చు. సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, కందిలో ఐఐటీ ఉంది, పటాన్‌చెరులో మొక్కల గురించి తెలిసిన మనుషులున్నారు. వైద్య కళాశాల డాబా మీద ఒకటి, పాశమైలారం దగ్గర ఒకటి పెట్టి, ఏడాదిపాటు ఆ లెక్కను కాలుష్య నియంత్రణ మండలి గాలి లెక్కలతోనూ, అవుట్ పేషెంట్ చీటీలతోనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ పని ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టవచ్చు.